కొండా, ఎలుకా

హెర్‌ఫర్డ్‌షైర్ చివర, కాక్స్‌హోల్ట్ అడవి గేటుకి
ప్లాస్టిక్ కవరులో పెట్టి నోటీసు కట్టిపోయారు.
వాన లోపలికి దూరింది.
సిరా కారిపోగా చదవడానికి మిగిలింది
"అభ్యంతరాలు" అన్న ఒక్క మాటే.

పద్దెనిమిదేళ్లు సున్నపురాయి తీస్తారట.
తీశాక ఆ గోతిని మూడు కౌంటీల చెత్తతో నింపుతారట.
నింపాక పైన మట్టి కప్పి, గడ్డి చల్లి,
మళ్లీ అడవి చేసి మాకే ఇస్తారట.
పీనుగకి కొత్త పంచె కట్టినట్టు, అనుకున్నాను.
ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచక ఊరుకున్నాను.

కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడే.
ఊరి హాల్లో మ్యాపు పరిచి, అడవిమీద ఎర్రగీత చూపించి,
"బఫర్ జోన్" అన్నాడు రెండుసార్లు.
బూట్లకి మట్టి లేదు.
బ్లూబెల్స్ పూసే పల్లం ఎక్కడ పడిందని ఎవరో అడిగితే
అతని వేలు కాసేపు తిరిగి తిరిగి
గీతకి లోపలే ఆగింది.

హెస్టర్ ప్రోబర్ట్ వంటింట్లో పదకొండుమందిమి.
స్కూలు బస్సు నడిపి రిటైరైన గ్విలిమ్ లెక్క చదువుతున్నాడు:
గంటకి పద్నాలుగు లారీలు,
రెండు కార్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిన ఆ సందులో.
వాగు దిగువనుండే మార్గెరీ తన బావినీళ్లు సీసాలో తెచ్చింది,
ఏమీ మాట్లాడకుండా మధ్యలో పెట్టింది.
అందరం ఆ సీసావైపు చూస్తూ టీ తాగాం.

సంతకాల కాగితం నా దాకా వచ్చింది.
రాయడానికి గట్టుమీద అరచెయ్యి ఆనించాను.
చల్లగా తగిలింది. తెలిసిన చలవ.
నల్లరాయి. లోపల బంగారు నలుసులు.
"రాత్రి ఆకాశంలా ఉంటుంది కదూ," అంది హెస్టర్,
"ఇండియాదే అన్నాడు షాపువాడు. మీ వైపేనా?"

మా వైపే.
చీమకుర్తి.
మా నాన్న కంప్రెసర్ డ్రిల్లు పట్టిన రాయి.
సాయంత్రం కనురెప్పలదాకా తెల్లగా వచ్చేవాడు,
మనిషికన్నా ముందు దగ్గు తిరిగేది వీధిమలుపు.
ఆయన ఎక్కి నిలబడ్డ గుట్ట
నేను పదో తరగతికొచ్చేసరికి గొయ్యి.
అభ్యంతరాలు ఎవరూ అడగలేదు.
నోటీసు కట్టడానికి మా గుట్టకి గేటు లేదు.

అన్నం పెట్టిన రాయిమీద అబద్ధమాడను:
ఆ గొయ్యే నా ఫీజులు కట్టింది.
ఆ గొయ్యే నన్ను ఫార్మసీ చదివించి ఈ చలిలో దింపింది.
సంతకం చేశాను. పేరులో ఒక అక్షరం వంకరపోయింది.

ఆదివారం అడవిలో మోకాళ్లమీద పాకాం.
తడి ఆకులు, బాడ్జర్లు తోడిపోసిన ఎర్రమన్ను,
వాటి మధ్య రాలిన హేజెల్ కాయలకోసం.
ఉడత కొరికితే కాయ రెండు చెక్కలవుతుంది.
మామూలు ఎలుకైతే అంచంతా గరుకు.
డోర్‌మౌస్ ఒక్కటే కంసాలిలా గుండ్రంగా తొలుస్తుంది,
లోపలి అంచు ఉంగరమంత నున్నగా.
బొటనవేలంత జీవి. సగం ఏడాది నిద్రే.
అది ఉందని తేలితే లారీలు ఆగొచ్చు.
ఆగకపోనూవచ్చు.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటే నవ్వేవాళ్లం మా ఊళ్లో.
ఇక్కడ ముందు ఎలుకను పట్టాలి,
కొండను తవ్వనివ్వకుండా.
గ్విలిమ్‌కి ఈ సామెత చెప్పాను. నవ్వలేదు.
"మీవాళ్లకి ఎలుకైనా దొరికిందా?" అని అడిగాడు.

గురువారం వెళ్లేసరికి హెస్టర్ గట్టంతా పూలగుడ్డ పరిచి ఉంచింది.
ఎవరు చెప్పారో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.
చెంచాలు కూడా చప్పుడు కాకుండా పెట్టింది.
ఒక మూల గుడ్డ మడిచి పైకి తీశాను.
నాన్న రాయిమీద డబ్బా ఒంపాను.
అరవైరెండు కాయలు, దొర్లి, ఆగి.
గ్విలిమ్ కళ్లజోడు తుడుచుకున్నాడు.
ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి
చూడటం మొదలుపెట్టాం.